టెక్నిక్ సెట్ కొనే ముందు: పీసుల సంఖ్య కాదు, లోపల ఏ పార్ట్స్ ఉన్నాయో చూడండి

లెగో టెక్నిక్‌లో కొత్త సెట్ వస్తోందని తెలియగానే కొత్తగా కొనేవాళ్ళు బాక్స్ మీద ఎన్ని పీసులు రాశారో చూస్తారు. ఏళ్ల తరబడి ఇవే కడుతున్న ఫ్యాన్స్ మాత్రం ఫొటోని జూమ్ చేస్తారు. చక్రం వెనక ఉన్న హబ్ కొత్తదా? ఆ గేర్ ఇంతకుముందు సెట్లలో ఉందా? మోటార్లు ఎన్ని? చేతిలో పట్టుకునే రిమోట్ ఇస్తున్నారా, లేక ఫోన్ తప్పనిసరా? వాళ్ళ చర్చంతా దీని మీదే నడుస్తుంది. బయటివాళ్ళకి ఇది చాదస్తంలా అనిపించవచ్చు కానీ డబ్బు పెట్టి కొనేవాళ్ళకి పనికొచ్చే చూపు ఇదే.

నంద్యాల, ఆళ్లగడ్డ లాంటి ఊళ్ళలో ఉన్నవాళ్ళకి అయితే ఇది మరీ ముఖ్యం. పెద్ద టెక్నిక్ సెట్‌ని తెరిచి, కట్టి చూపించే షాపు మనకి దగ్గర్లో ఉండదు. ఎక్కువమంది ఆన్‌లైన్‌లోనే ఆర్డర్ పెడతారు. పైగా ధర కూడా తక్కువేం కాదు. దిగుమతి బొమ్మల మీద కస్టమ్స్ సుంకాన్ని కేంద్రం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచింది. అంత ఖర్చు పెట్టినప్పుడు సెట్ ఒక్కసారి కట్టి షోకేసులో పెట్టేది కాకుండా, పదేళ్ళు వాడుకునేది కావాలి. అందుకే ఏ పార్ట్ ఏం చేస్తుందో, కొత్త సెట్‌లో ఏం చూడాలో ఈ ఆర్టికల్‌లో ఒక్కొక్కటిగా చూద్దాం.

నట్టు బోల్టు నుంచి పిన్ దాకా

ఇలాంటి మెకానికల్ బొమ్మలకి మూలం మెకానో. ఇంగ్లాండ్‌లోని లివర్‌పూల్‌కి చెందిన ఫ్రాంక్ హార్న్‌బీ 1901లో దీనికి పేటెంట్ తీసుకున్నారు. బెజ్జాలున్న లోహపు పట్టీలు, నట్లు, బోల్టులు, కప్పీలు ఇందులో ఉండేవి. బెజ్జానికీ బెజ్జానికీ దూరం అర అంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్లు. మన దేశంలో చాలామంది చిన్నప్పుడు చూసిన మెకానిక్స్ సెట్ కూడా ఇదే పద్ధతిలో పనిచేస్తుంది. స్క్రూడ్రైవర్, చిన్న స్పానర్ పట్టుకుని బిగించాలి. గట్టిగా ఉంటుంది, ధర తక్కువ. కానీ విప్పాలంటే చాలా టైమ్ పడుతుంది.

లెగో 1977లో టెక్నిక్ సిరీస్ మొదలుపెట్టినప్పుడు నట్టు బోల్టు తీసేసి, వేలితో నొక్కితే దిగే ప్లాస్టిక్ పిన్ పెట్టింది. ఆ ఏడాది వచ్చిన 853 నంబర్ కార్ ఛాసిస్‌లో స్టీరింగ్ తిరిగేది, ఇంజిన్ పిస్టన్లు పైకీ కిందికీ కదిలేవి. అప్పటినుంచి ఒక కొలత మాత్రం మారలేదు. బెజ్జానికీ బెజ్జానికీ మధ్య సరిగ్గా 8 మిల్లీమీటర్లు. పిన్ మందం 4.8 మిల్లీమీటర్లు. అందుకే 1977 నాటి గేర్‌ని నిన్న కొన్న సెట్‌లో కూడా వాడుకోవచ్చు. ఫోన్ ఛార్జర్ పిన్నే నాలుగైదేళ్ళకోసారి మారిపోయే ఈ రోజుల్లో ఇది చిన్న విషయం కాదు.

ఆళ్లగడ్డ అంటే అందరికీ శిల్పులు గుర్తొస్తారు. రాతి పనిలో ఒక దెబ్బ ఎక్కువ పడితే ఆ ముక్క తిరిగి అతకదు. ఇక్కడ లెక్క పూర్తిగా వేరు. తప్పుగా కడితే విప్పి మళ్ళీ కట్టుకోవచ్చు. పార్ట్స్ విలువ తెలిసేది ఈ మళ్ళీ కట్టుకోవడంలోనే.

పిన్‌లు: రంగు చూసి పని చెప్పొచ్చు

టెక్నిక్ బాక్స్‌లో ఎక్కువగా కనిపించేవి పిన్‌లే. చూడటానికి అన్నీ ఒకేలా ఉంటాయి కానీ రెండు జాతులు. నల్ల పిన్ మీద సన్నని గీతలు పొంగి ఉంటాయి. బెజ్జంలో బిగుతుగా కూర్చుంటుంది, తిప్పితే పట్టేస్తుంది. ఫ్రేమ్ కట్టడానికి ఇది వాడాలి. లేత బూడిద రంగు పిన్ నున్నగా ఉంటుంది, ఫ్రీగా తిరుగుతుంది. స్టీరింగ్ లింక్, సస్పెన్షన్ చేయి, బకెట్ కీలు లాంటి కదిలే చోట్ల ఇది వాడాలి. మూడు బెజ్జాల పొడవున్న పిన్‌లలో నీలం రంగుది బిగుతు, గోధుమ రంగుది వదులు.

కట్టిన బండి స్టీరింగ్ గట్టిగా ఉందని, మోటార్ మోయలేకపోతోందని చాలామంది అంటుంటారు. మోటార్‌ని అనుమానించే ముందు కదిలే కీళ్ళలో నల్ల పిన్ పెట్టారేమో చూడండి. చాలాసార్లు సమస్య అక్కడే దొరుకుతుంది.

బెజ్జాలున్న పొడవాటి పార్ట్‌ని ఫ్యాన్స్ బీమ్ అనీ, లిఫ్ట్‌ఆర్మ్ అనీ పిలుస్తారు. ఇవి ఎక్కువగా 3, 5, 7, 9, 11, 13, 15 బెజ్జాలతో వస్తాయి. అన్నీ బేసి సంఖ్యలే, ఎందుకు? బేసి సంఖ్య అయితే సరిగ్గా మధ్యలో ఒక బెజ్జం ఉంటుంది. దాన్ని కేంద్రంగా పెట్టుకుని కుడి ఎడమలు సమానంగా కట్టొచ్చు. బండి మధ్యలోంచి ఇరుసు పోవాలన్నా, క్రేన్ తిరిగే బల్ల పెట్టాలన్నా ఈ మధ్య బెజ్జమే ఆధారం.

గేర్లు: పళ్ళ లెక్క తెలిస్తే సగం మెకానికల్ వచ్చినట్టే

టెక్నిక్ గేర్లలో పళ్ళ సంఖ్య ఊరికే పెట్టింది కాదు. 8 పళ్ళ గేర్ వ్యాసార్ధం 4 మిల్లీమీటర్లు, 16 పళ్ళది 8, 24 పళ్ళది 12, 40 పళ్ళది 20. అంటే పళ్ళ సంఖ్యలో సగం. ఇప్పుడు బెజ్జాల దూరం 8 అని గుర్తు పెట్టుకుని కూడండి. 8 పళ్ళ గేర్, 24 పళ్ళ గేర్ కలిస్తే 4 ప్లస్ 12, మొత్తం 16 మిల్లీమీటర్లు. సరిగ్గా రెండు బెజ్జాల దూరం. కాబట్టి బీమ్‌లో చక్కగా కూర్చుంటాయి. 8, 40 కలిస్తే మూడు బెజ్జాలు. 24, 40 కలిస్తే నాలుగు. కానీ 16, 24 కలపాలంటే 20 మిల్లీమీటర్లు, అంటే రెండున్నర బెజ్జాలు. ఒకే వరసలో కుదరదు, అర బెజ్జం జరిపే పార్ట్ కావాలి.

స్పీడు తగ్గితే బలం పెరుగుతుంది. 8 పళ్ళ గేర్‌తో 24 పళ్ళ గేర్‌ని తిప్పితే వేగం మూడో వంతవుతుంది, బలం దాదాపు మూడు రెట్లు. 40 పళ్ళది తిప్పితే అయిదు రెట్లు. రాపిడికి కొంత పోతుంది కానీ సూత్రం ఇదే. సైకిల్ గేర్, ట్రాక్టర్ లో గేర్, శిల్పాల షెడ్లలో పెద్ద రాయి లేపే చైన్ పుల్లీ, అన్నిట్లో ఇదే లెక్క.

వీటన్నిట్లో ఫ్యాన్స్‌కి ఇష్టమైనది వార్మ్ గేర్. స్క్రూ మరలా ఉంటుంది. ఇది ఒక పూర్తి చుట్టు తిరిగితే ఎదుటి గేర్ ఒక్క పన్ను మాత్రమే కదులుతుంది. 24 పళ్ళ గేర్‌తో కలిపితే 24కి 1. ఇంకో లాభం ఏంటంటే, వార్మ్ గేర్‌ని ఎదుటి గేర్ వెనక్కి తిప్పలేదు. క్రేన్ హుక్‌కి బరువు తగిలించి మోటార్ ఆపేసినా కిందికి జారదు. క్రేన్ సెట్ కొంటుంటే లోపల వార్మ్ గేర్ ఉందా లేదా అని చూడటం మంచి అలవాటు.

కొత్త పార్ట్ వచ్చిందంటే ఎందుకంత హడావుడి

2008లో లీనియర్ యాక్చువేటర్ అనే పార్ట్ వచ్చింది. లోపల మర ఉంటుంది. వెనక ఇరుసు తిప్పితే ముందు కడ్డీ బయటికి వస్తుంది. బండి టైరు మార్చేటప్పుడు స్క్రూ జాకీ తిప్పినట్టే. బేతంచెర్ల నాపరాళ్ల గనుల్లో ఎక్స్‌కవేటర్ బూమ్ లేచేది ఆయిల్ ప్రెషర్‌తో. బొమ్మలో ఆయిల్ పెట్టలేరు కాబట్టి మర పెట్టారు. దీనికి ముందు 1984 నుంచి గాలి పంపుతో పనిచేసే న్యూమాటిక్ సిలిండర్లు ఉన్నాయి. గాలిది వేగంగా కదులుతుంది కానీ సగంలో ఆపడం కష్టం. మర ఉన్నది నెమ్మదిగా కదిలినా ఎక్కడ ఆపితే అక్కడ నిలబడుతుంది. ఏది బెస్ట్ అన్న వాదన ఫ్యాన్స్ మధ్య ఇప్పటికీ తెగలేదు.

2019లో 42099 నంబర్ ఆఫ్ రోడర్ సెట్‌తో పాటు ప్లానెటరీ వీల్ హబ్ వచ్చింది. చక్రం లోపలే గేర్లు పెట్టి, అక్కడికక్కడే వేగం తగ్గించి బలం పెంచే పార్ట్ ఇది. ట్రాక్టర్ బ్రోషర్లలో కనిపించే ప్లానెటరీ రిడక్షన్ కూడా ఇలాంటిదే. దీనివల్ల లాభం ఏంటి? అంతకుముందు గేర్ రిడక్షన్ అంతా బండి మధ్యలోనే ఉండేది. పెరిగిన బలమంతా సన్నని ఇరుసులు, జాయింట్ల గుండా చక్రానికి వెళ్ళాలి. గట్టు ఎక్కేటప్పుడు ఇరుసు మెలిపడేది, జాయింట్ ఊడొచ్చేది. ఇప్పుడు ఇరుసు మీద భారం తక్కువ, చక్రం దగ్గరే బలం ఎక్కువ. ఒక్క పార్ట్ రావడంతో అప్పటిదాకా సొంత డిజైన్లలో కుదరనివి కుదిరాయి. సెట్ నచ్చకపోయినా ఆ హబ్‌ల కోసమే కొన్నవాళ్ళు ఉండటానికి కారణం ఇదే.

పీసుల లెక్క ఎక్కడ తప్పుదారి పట్టిస్తుంది

ధరని పీసుల సంఖ్యతో భాగించి ఈ సెట్ చవక, ఆ సెట్ ఖరీదు అని చెప్పడం మామూలు. మామూలు ఇటుకల సెట్లకి ఇది కొంతవరకు పనికొస్తుంది. టెక్నిక్‌లో మాత్రం పెద్దగా పనికిరాదు. ఒక చిన్న పిన్ కూడా ఒక పీసే, ఒక మోటార్ కూడా ఒక పీసే కదా!

ఉదాహరణకి 2019లో వచ్చిన 42100 లీబెర్ ఎక్స్‌కవేటర్‌లో 4108 పీసులు, 7 మోటార్లు, 2 బ్లూటూత్ హబ్‌లు ఉన్నాయి. 2023లో వచ్చిన 42146 లీబెర్ క్రాలర్ క్రేన్‌లో 2883 పీసులు, 6 మోటార్లు, 2 హబ్‌లు. పీసులు బాగా తక్కువ, అయినా అది కూడా టెక్నిక్‌లో ఖరీదైన సెట్లలో ఒకటి. ధర మీద ఫ్యాన్స్ చాలా రోజులు వాదించుకున్నారు. రెండువైపులా న్యాయముంది. ఖర్చులో పెద్ద వాటా ఎలక్ట్రానిక్స్‌దే, నిజమే. కానీ ఆ మోటార్లు మీరు మళ్ళీ దేనికైనా వాడతారా అన్నది మీకు మీరే వేసుకోవాల్సిన ప్రశ్న. వాడితే డబ్బు దండగ కాదు. కట్టి పక్కన పెట్టేసేవాళ్ళకి మాత్రం చాలా ఎక్కువ.

ఇంకో ఖర్చు ఉంది, బాక్స్ మీద పెద్దగా కనిపించదు. ఒక్కో టెక్నిక్ హబ్‌కి 6 పెన్ సెల్స్ కావాలి. రెండు హబ్‌లంటే 12. పిల్లలు రోజూ ఆడితే రీఛార్జబుల్ సెల్స్ కొనడమే మేలు. అయితే అవి ఒక్కోటి 1.2 వోల్టులే కాబట్టి ఆరు కలిపి 7.2 వోల్టులు వస్తుంది, మామూలు సెల్స్‌తో 9 వోల్టులు. మోటార్ కాస్త నెమ్మదిస్తుంది, కంగారు పడక్కర్లేదు.

ఫోన్ యాప్: అసలు జాగ్రత్త పడాల్సింది ఇక్కడే

2007లో వచ్చిన పవర్ ఫంక్షన్స్ సిస్టమ్‌లో టీవీ రిమోట్ లాంటి ఇన్‌ఫ్రారెడ్ రిమోట్ ఉండేది. ఆ తర్వాత దాని స్థానంలో పవర్డ్ అప్ వచ్చింది. ప్లగ్ మారిపోయింది, పాత మోటార్లు నేరుగా కలవవు. 2019 నుంచి కంట్రోల్ ప్లస్ యాప్‌తో నడిచే సెట్లు మొదలయ్యాయి. పైన చెప్పిన రెండు లీబెర్ మెషిన్లూ ఈ రకమే. బాక్స్‌లో రిమోట్ ఉండదు, బ్లూటూత్ ఉన్న ఫోన్ గానీ ట్యాబ్ గానీ కావాలి.

యాప్ వల్ల లాభాలు ఉన్నాయి. ఏడు మోటార్లని ఒకే స్క్రీన్ మీద నడపొచ్చు, బూమ్ ఎంత కోణంలో ఉందో చూపిస్తుంది. కానీ మెషిన్ ఆయుష్షు యాప్ ఆయుష్షుతో ముడిపడిపోతుంది. ప్లాస్టిక్ గేర్ ముప్పై ఏళ్ళు ఉంటుంది, ఆండ్రాయిడ్ వెర్షన్ ఏటా మారుతుంది. లెగో సొంత రోబోటిక్స్ సిరీస్ మైండ్‌స్టార్మ్స్ 1998లో మొదలై, 2022 చివరికి ఆగిపోయింది. మోటార్లు పాడైపోయి కాదు, కంపెనీ దారి మార్చుకుంది, అంతే.

ఊరట కలిగించే విషయం కూడా ఉంది. హబ్‌లు బ్లూటూత్‌లో ఎలా మాట్లాడతాయో వివరించే ప్రోటోకాల్‌ని లెగో బయటపెట్టింది. దాని వల్ల బయటి డెవలపర్లు సొంత యాప్‌లు తయారు చేశారు. బ్రిక్‌కంట్రోలర్ 2 అనే యాప్‌తో గేమ్‌ప్యాడ్ కలిపి బండి నడపొచ్చు. పైబ్రిక్స్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్‌ని హబ్‌లో వేస్తే పైథాన్‌లో ప్రోగ్రామ్ రాయొచ్చు. లెగో విడిగా అమ్మే చిన్న బ్లూటూత్ రిమోట్‌ని కూడా కలపొచ్చు, అప్పుడు నడపడానికి ఫోన్ అవసరమే ఉండదు. ఇంజినీరింగ్ స్టూడెంట్స్‌కి ఇది ఆట మాత్రమే కాదు, నేర్చుకోవడానికి మంచి దారి.

కాబట్టి యాప్‌తో నడిచే సెట్ కొనే ముందు ఒక పని చేయండి. సెట్ ఆర్డర్ పెట్టకముందే దానికి సంబంధించిన యాప్‌ని ఇంట్లో పిల్లలు వాడే ఫోన్‌లో ఇన్‌స్టాల్ చేసి చూడండి. యాప్ ఫ్రీనే. సపోర్ట్ చేయదని వస్తే అక్కడే తెలిసిపోతుంది, రిటర్న్ గొడవ ఉండదు.

దీనికి పూర్తిగా అవతలి చివర 2024లో వచ్చిన 42179 ఉంది. 526 పీసులే. హ్యాండిల్ తిప్పితే సూర్యుడి చుట్టూ భూమి, భూమి చుట్టూ చంద్రుడు తిరుగుతాయి. మోటార్ లేదు, సెల్ లేదు, యాప్ లేదు. ఋతువులు ఎలా వస్తాయో ఆరో తరగతి పిల్లలకి చూపించడానికి ఇంతకంటే మంచి వస్తువు దొరకడం కష్టం. ముప్పై ఏళ్ళ తర్వాత కూడా ఇలాగే పనిచేస్తుంది.

ఒక్క పార్ట్ పోతే ఏం చేయాలి

మెకానికల్ సెట్‌లో ఒక్క గేర్ మంచం కిందికి దొర్లిపోయినా మొత్తం మెషిన్ ఆగిపోతుంది. ఇక్కడ తెలుసుకోవాల్సింది పార్ట్ నంబర్. నల్ల పిన్ 2780, బూడిద పిన్ 3673, 8 పళ్ళ గేర్ 3647, 24 పళ్ళ గేర్ 3648, 40 పళ్ళ గేర్ 3649. ఇన్‌స్ట్రక్షన్ బుక్ చివరి పేజీల్లో ఆ సెట్‌లోని పార్ట్స్ అన్నీ బొమ్మలతో ఉంటాయి. పార్ట్ పేరుతో వెతికితే వందలు వస్తాయి, నంబర్‌తో వెతికితే సరైనదే వస్తుంది. బ్రిక్‌లింక్ లాంటి సైట్లలో విడి పార్ట్స్ అమ్ముతారు. రీబ్రికబుల్ సైట్‌లో మీ సెట్ నంబర్ కొడితే అవే పార్ట్స్‌తో ఇంకేం కట్టొచ్చో డిజైన్లు కనిపిస్తాయి. కొనే ముందే ఇది చూడండి. ఎక్కువ డిజైన్లు ఉంటే ఆ సెట్ పార్ట్స్ బాగా పనికొచ్చేవని అర్థం.

మీ పిల్లల స్కూల్లో అటల్ టింకరింగ్ ల్యాబ్ ఉంటే అక్కడ త్రీడీ ప్రింటర్ ఉండొచ్చు. ప్యానెల్, కవర్ లాంటివి ప్రింట్ చేసుకోవచ్చు. పిన్, గేర్ మాత్రం అంత తేలిక కాదు. కొలతలో వెంట్రుకవాసి తేడా వచ్చినా పిన్ దిగదు, లేదా దిగి నిలబడదు.

కాడా, మౌల్డ్ కింగ్ లాంటి చైనా బ్రాండ్లు కూడా ఇదే 8 మిల్లీమీటర్ల కొలతలో సెట్లు చేస్తున్నాయి. లెగో 1958లో తీసుకున్న ఇటుక పేటెంట్ గడువు ఎప్పుడో ముగిసింది కాబట్టి కలిసే పార్ట్స్ చేయడం తప్పు కాదు. వేరేవాళ్ళ సెట్ డిజైన్‌ని మక్కీకి మక్కీ కాపీ కొట్టడం మాత్రం తప్పే. ఇంకో విషయం. 14 ఏళ్ళలోపు పిల్లల బొమ్మలకి మన దేశంలో 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ మార్క్ తప్పనిసరి. పేరు తెలియని బాక్స్ చవకగా వస్తోందంటే ముందు ఆ మార్క్ చూడండి.

మన ఎండలకి ఒక మాట. ప్లాస్టిక్ కరిగిపోదు కానీ నేరుగా ఎండ తగిలే కిటికీ దగ్గర పెడితే తెలుపు, లేత బూడిద రంగులు పసుపుబారతాయి. కడగాలంటే 40 డిగ్రీలు దాటని నీళ్ళు వాడాలి, మోటార్లు, హబ్‌లు తడపకూడదు. గేర్లు గట్టిగా తిరుగుతున్నాయని ఆయిల్ మాత్రం వేయొద్దు. దుమ్ము పట్టి ముద్దకడుతుంది.

మరి ఎవరు ఏది కొనాలి?

ఎనిమిది, తొమ్మిదేళ్ళ పిల్లలకి మొదటిసారి అయితే మెకానిక్స్ లేదా చిన్న టెక్నిక్ సెట్ చాలు. మోటార్ లేకపోయినా కనీసం స్టీరింగో, డిఫరెన్షియలో, వార్మ్ గేరో ఉండేది చూడండి. హైస్కూల్ పిల్లలకి చేతితో తిప్పే గేర్లు ఎక్కువగా ఉన్న మధ్యస్థ సెట్ మంచిది. ఇంజినీరింగ్ చదివేవాళ్ళు ఒక్క పెద్ద సెట్ బదులు ఒక హబ్, రెండు మోటార్లు, విడి గేర్లు, బీమ్‌లు తీసుకుంటే అదే డబ్బుకి ఎక్కువ నేర్చుకుంటారు. షోకేసు కోసం సూపర్‌కార్ కొనాలనుకుంటే నిరభ్యంతరంగా కొనండి, అందంగా ఉంటాయి. అది బొమ్మ కోసం పెట్టిన ఖర్చు, పార్ట్స్ కోసం కాదు అన్న స్పష్టత ఉంటే చాలు.

ఈసారి కొత్త సెట్ లాంచ్ అయినప్పుడు పీసుల సంఖ్య దగ్గర ఆగకుండా మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇందులో నా దగ్గర లేని పార్ట్ ఏముంది? ఇది విప్పితే ఇంకేం కట్టగలను? ఫోన్ లేకుండా ఇది కదులుతుందా? మూడిటికీ మంచి జవాబు వస్తే ఆర్డర్ పెట్టేయొచ్చు. ఒక్కదానికే వస్తే ఆఫర్ వచ్చేదాకా ఆగండి.